వేడెక్కితే ఆగే బుల్లెట్: కండెన్సర్ దొరికింది, పాయింట్ల గ్యాప్ ఇంకా నిలవడం లేదు

విజయవాడ నుంచి గుంటూరు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు! 34 కిలోమీటర్లు, మే నెల ఎండ, మధ్యాహ్నం రెండింటికి బయల్దేరడం. నెలన్నరగా మంగళగిరి దాటని బండి ఇది. 96 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, కాస్ట్ ఐరన్ 350, రైట్ గేరు, 12 వోల్టులు, పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుంటూ మూసుకునే చిన్న స్విచ్‌తో స్పార్క్ పుట్టించే పాత పద్ధతి). తిరుగు ప్రయాణంలో మాత్రం కాజా టోల్ దగ్గరికి వచ్చేసరికి లాగుడు తగ్గింది. అది వేరే జబ్బు. దాని సంగతి కింద ఉంది.

ముందు అసలు జబ్బు. చల్లగా ఉంటే ఒక్క కిక్కు చాలు. వారధి దాటి తాడేపల్లి వరకు అనుమానమే రాదు. సరిగ్గా 11, 12 కిలోమీటర్ల మధ్య థ్రాటిల్ తెరిస్తే తడబాటు, ఆ తర్వాత అర కిలోమీటరు లోపు పూర్తిగా నిలిచిపోవడం. వెంటనే ఎన్ని కిక్కులు కొట్టినా పలకదు. నీడలో పాతిక నిమిషాలు ఉంచితే మళ్లీ ఒక కిక్కుకే లేస్తుంది, ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి మళ్లీ ఆగుతుంది.

పెట్రోలు వైపు అనుమానం ఒక పూటలో తీరిపోయింది. ట్యాంకు మూత గాలి రంధ్రం తెరిచే ఉంది, బండి ఆగిన క్షణంలో మూత తీస్తే 'సుయ్' మన్న చప్పుడు లేదు. ట్యాప్ కింద సీసా పెడితే నిమిషానికి 260 ఎం.ఎల్. దిగింది. ఆగిన చోటే కార్బ్ (కార్బ్యురేటర్) బౌల్ కింది స్క్రూ విప్పితే బౌల్ నిండుగా ఉంది. ఈ మధ్య వేడికి ఆగే ప్రతి పాత బండికీ ఇథనాల్ పెట్రోలునే కారణంగా చెబుతున్నారు. పాత రబ్బరు పైపును అది గట్టిపరచిన మాట నిజమే, పైపు మార్చాను కూడా. కానీ బౌల్ నిండుగా ఉండి ప్లగ్గు తడిగా బయటికి వస్తుంటే తప్పు పెట్రోలుది కాదు, కరెంటుది.

ఆగినప్పుడు ప్లగ్గు విప్పి హెడ్డుకు ఆనించి కిక్ కొడితే సన్నటి నారింజ రంగు స్పార్క్, అదీ రెండు కిక్కులకు ఒకసారి. చల్లగా ఉన్నప్పుడు అదే ప్లగ్గులో 'టక్' మని నీలం స్పార్క్. ఇక్కడి నుంచే దారి తప్పింది. కండెన్సర్‌ను (పాయింట్లు తెరుచుకునేటప్పుడు మంట రాకుండా ఆపే కెపాసిటర్‌ను) మూడు సార్లు పరీక్షించి మూడు సార్లూ బాగుందని వదిలేశాను. ఆ మూడు పరీక్షలూ ఎందుకు మోసం చేశాయో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే వర్క్‌షాపుల్లో అందరూ చేసేవి ఇవే.

మొదటిది, పాయింట్ల మధ్య మంట చూడటం. కండెన్సర్ పోతే పాయింట్ల దగ్గర పెద్ద పసుపు మంట వస్తుందని అందరికీ తెలిసిన మాట. ఇక్కడ మంట దాదాపు లేదు. పాయింట్ల ముఖం కూడా బూడిద రంగులో నున్నగా ఉంది. గుంటా బొడిపా లేవు. అయితే ఆ సూత్రం కండెన్సర్ లోపల తీగ తెగి 'ఓపెన్' అయినప్పుడే పనిచేస్తుంది. లోపలి పొర వేడికి బలహీనపడి వోల్టేజీని ఆపలేకపోతే, మంట పాయింట్ల మధ్య కాకుండా కండెన్సర్ లోపలే కాలిపోతుంది. పాయింట్లు శుభ్రంగా కనబడతాయి, ప్లగ్గుకు మాత్రం ఏమీ మిగలదు.

రెండోది మల్టీమీటరు. చల్లగా 0.21 మైక్రో ఫారడ్, వేడిగా 0.20. పర్ఫెక్ట్ అనిపించే లెక్క. కానీ మల్టీమీటరు కొలిచేది రెండు మూడు వోల్టుల దగ్గర. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ తయారుచేసే భాగం) ప్రైమరీ వైపు, అంటే బ్యాటరీ కరెంటు వచ్చే చుట్టలో, రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. మూడు వోల్టులు ఆపినంత మాత్రాన మూడు వందలు ఆపుతుందని కాదు.

మూడోది, కొత్త కండెన్సర్‌ను క్లిప్పులతో పాతదానికి పక్కన కలిపి చూడటం. రోడ్డు మీద చాలామంది చేసేది ఇదే. మార్పేమీ రాలేదు, కాబట్టి కండెన్సర్ కాదనుకున్నాను. పాతది ఓపెన్ అయి ఉంటే ఈ చిట్కా నూటికి నూరుపాళ్లు పనిచేస్తుంది. పాతది లోపల లీకయ్యే రకమైతే పక్కన ఎన్ని కలిపినా లీకు అలాగే ఉంటుంది. పాతదాని తీగ ముందు ఊడదీయాలి, ఆ తర్వాతే కొత్తది తగిలించాలి.

దీంతో కాయిల్ మీద పడ్డాను. పాత కాయిల్ ప్రైమరీ చల్లగా 3.3 ఓములు, వేడిగా 3.8. సెకండరీ 7.8 కిలో ఓములు. అంకెల్లో తప్పేం లేదు, అయినా మార్చాను. ఫలితం సున్నా, బండి మళ్లీ 12వ కిలోమీటరు దగ్గరే ఆగింది. ఇదే పనిలో ఒక మంచి జరిగింది: బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ దాకా 0.9 వోల్టులు పోతున్నట్టు తేలితే, ఇగ్నిషన్ స్విచ్ విప్పి శుభ్రం చేశాక 0.25కి దిగింది.

చివరికి దొంగను పట్టించింది మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకు చూసే మీటరు; అంకె ఎంత ఎక్కువైతే లీకు అంత తక్కువ. ఇళ్ల వైరింగ్ చూసే ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండేదే, 250 వోల్టుల రేంజి ఉండాలి. 500లో పెట్టి కొడితే మంచి కండెన్సర్ కూడా దెబ్బతినొచ్చు. విధానం ఇది: మూకుడులో రెండు వేళ్ల లోతు పొడి ఇసుక పోసి సన్న సెగ మీద 80 డిగ్రీలకు తేవాలి (12 కిలోమీటర్లు నడిచాక పాయింట్ల డబ్బాలో కొలిస్తే 78 వచ్చింది, అందుకే 80). మల్టీమీటరు టెంపరేచర్ ప్రోబును కండెన్సర్ ఒంటికి టేపుతో చుట్టి రెండూ కలిపి ఇసుకలో పాతాలి, తీగలు బయటికి ఉంచాలి. ఒంటికి వేడి తగిలినా లోపలి చుట్టకు చేరడానికి సమయం పడుతుంది, కాబట్టి కనీసం 20 నిమిషాలు ఆగాలి. అప్పుడు మెగ్గర్ పెట్టాలి.

పాత కండెన్సర్ 32 డిగ్రీల దగ్గర 200 మెగ్ ఓములు దాటింది. 55 దగ్గర 40. 70 దాటగానే అంకె నిలబడలేదు: పైకి లేస్తుంది, ఒక్కసారిగా సున్నాకు పడుతుంది, మళ్లీ లేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా 'టిక్ టిక్' వినబడుతోంది. నెలన్నర వెతికిన జబ్బు ఆ చప్పుడే! 45కి చల్లారాక మళ్లీ 90 మెగ్ ఓములు, ఏమీ ఎరగనట్టు. పాతిక నిమిషాలు ఆగితే బండి ఎందుకు లేచేదో కూడా దీంతో తేలిపోయింది. ఒక జాగ్రత్త: పరీక్ష అయ్యాక తీగలను 10 కిలో ఓముల రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేయందే ముట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది.

కొత్తవి నాలుగు తెచ్చి నాలుగింటినీ ఇదే ఇసుకలో వేయించాను. 0.19, 0.22, 0.23, 0.24. కెపాసిటీలో అన్నీ పాసే. 80 డిగ్రీల దగ్గర రెండు నిలబడ్డాయి, రెండు పడిపోయాయి. ప్యాకెట్ విప్పని కొత్త సరుకులో సగం! 'మొన్ననే మార్చాం, కండెన్సర్ అయ్యుండదు' అనే మాటకు ఇక విలువ ఇవ్వకూడదు. మూతి దగ్గర సీలు ఎలా ఉందో చూడండి: నిలబడిన రెండింటికీ రబ్బరు గట్టిగా బిగిసి ఉంది, పడిపోయినవాటిలో గోరు దూరేంత సందు ఉంది. లోపలికి చెమ్మ చేరడమే కారణమని నా అంచనా.

నిలబడిన రెండింట్లో ఒకటి బండికి ఎక్కింది, రెండోది టూల్ బాక్సులో ఉంది. గుంటూరు ప్రయాణం ఆ కండెన్సర్ మీదే.

ఇప్పుడు తిరుగు ప్రయాణం సంగతి. కాజా దగ్గర లాగుడు తగ్గింది కానీ బండి ఆగలేదు. ఐడిలింగ్ పడిపోతోంది, ఆగితే వెంటనే ఒక కిక్కుకే లేస్తోంది, బెండు పైపు మొదట్లో కొత్తగా నీలం రంగు తేలింది. ఇవన్నీ టైమింగ్ వెనక్కి పోయిన, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతున్న గుర్తులు. ఇంటికొచ్చి ఫీలర్ గేజి పెడితే పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. నుంచి 0.31కి తగ్గింది, 70 కిలోమీటర్లకే. మళ్లీ 0.38 పెట్టి, 35 కిలోమీటర్లకు ఒకసారి కొలుస్తూ రాసుకున్న లెక్క: 0.38, 0.34, 0.30, 0.28. మొదట్లో వేగంగా, తర్వాత కాస్త నెమ్మదిగా. 0.28 దగ్గర టైమింగ్ బల్బు (పాయింట్లు తెరుచుకునే క్షణాన్ని చూపేది) పెట్టి చూస్తే, టీడీసీకి (పిస్టన్ చేరే పై చివరికి) 0.8 మి.మీ. ముందు తెరుచుకోవాల్సిన పాయింట్లు దాదాపు టీడీసీ దగ్గర తెరుచుకుంటున్నాయి. గ్యాప్‌లో పదో వంతు మిల్లీమీటరు పోతే టైమింగ్ మొత్తం పోయినట్టే.

0.8 గురించి ఒక మాట. సైకిల్ పుల్ల ప్లగ్గు రంధ్రంలో దించి పిస్టన్ ఎక్కడుందో కొలిచే పద్ధతి అందరిదీ. కానీ ఈ హెడ్డులో ఆ రంధ్రం వాలుగా ఉంటుంది, పుల్ల కూడా వాలుగానే దిగుతుంది కాబట్టి కొలతలో ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. ఒకే పుల్ల, ఒకే గుర్తు, ఒకే కోణం వాడితే ముందూ వెనకా పోల్చుకోవడానికి పనికొస్తుంది. కచ్చితంగా కావాలంటే ప్రైమరీ (ఇంజన్ పక్కన క్లచ్, చైను ఉండే పెట్టె) విప్పి డిగ్రీ చక్రం బిగించాల్సిందే.

గ్యాప్ తగ్గడానికి కారణం పాయింటు ఫైబర్ (పాయింట్లను తెరిచే తిరిగే కామ్‌కు ఆనుకునే ముక్క) అరగడం. తీసి చూస్తే కామ్ మీద వేలిగోటికి తగిలేంత తుప్పు గుంటలు, వాటి అంచులు ఆకురాయిలా ఫైబర్‌ను రాకేస్తున్నాయి. కామ్‌ను తుడిచి నూనె రాసే ఫెల్ట్ ముక్క అసలు లేనే లేదు. కామ్‌ను 1000 నంబరు వాటర్ పేపర్‌తో, ఆ తర్వాత 2000తో, ఇంజన్ ఆయిల్ చుక్కలు వేస్తూ చుట్టూ సమానంగా రుద్దాను. ఒకే చోట రుద్దితే కామ్ ఆకారం మారిపోతుంది. పాయింట్ల ముఖానికి మాత్రం గరుకు కాగితం తగలనివ్వకండి, దాని రవ్వలు లోహంలో దిగబడతాయి. సన్న ఆకురాయి, ఆ తర్వాత పెట్రోల్లో ముంచిన పోస్టుకార్డు ముక్క రెండు మూడు సార్లు లాగితే చాలు. కొత్త పాయింట్లకైనా ఈ కార్డు తప్పదు, వాటి మీద తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు పొర ఉంటుంది.

ఫెల్ట్ కోసం మందపాటి ఉన్ని ఫెల్ట్ ముక్క 4 మి.మీ. వెడల్పున కోసి బిగించాను. దానికి రెండు చుక్కల ఆయిల్, కామ్ మీద అగ్గిపుల్ల తలంత హై టెంపరేచర్ గ్రీజు. అంతకు మించితే వేడికి కరిగి పాయింట్ల మధ్యకు చేరుతుంది. దీని తర్వాత 70 కిలోమీటర్లకు 0.38 నుంచి 0.36. మునుపటితో పోలిస్తే చాలా నయం, కానీ నిలబడిందని అనలేను.

మిగిలిన అనుమానం డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు, కామ్ ఉండే డబ్బా) షాఫ్టు మీద. కామ్‌ను వేళ్లతో పట్టుకుని పాయింట్ల వైపుకీ, దూరానికీ తోస్తే గ్యాప్ 0.38, 0.32 మధ్య ఊగుతోంది. అంటే కొలిచినప్పుడు షాఫ్టు ఎటు ఒరిగి ఉంటే అంకె అలా వస్తుంది. పైన రాసుకున్న లెక్కలో కొంత భాగం ఫైబర్ అరుగుదల కాకుండా బుష్ (షాఫ్టు తిరిగే లోహపు గొట్టం) ఆట కూడా అయ్యుండొచ్చు. అందుకే ఇప్పుడు ప్రతిసారీ షాఫ్టును పాయింట్ల నుంచి దూరంగా నొక్కి పట్టి కొలుస్తున్నాను.

వేరే పనులు: ప్రైమరీలో 420 ఎం.ఎల్. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోశాక క్లచ్ జారడం పోయింది. వాల్వుల ట్యాపెట్లు సున్నా గ్యాప్, చల్లని ఇంజన్ మీద పుష్ రాడ్లు వేళ్లతో తిరుగుతున్నాయి. ప్లగ్గు ఎన్‌జీకే, గ్యాప్ 0.5. ఈ బండికి వేరే ప్లగ్గు పెట్టాలని నాకు అనిపించదు. మిక్‌కార్బ్ తీసి పెద్ద కార్బ్ పెట్టమనే సలహా మళ్లీ వచ్చింది. ఇప్పుడున్న వీఎం24 మోడల్ ఈ ఇంజన్‌కు సరిగ్గా సరిపోయిన కార్బ్, దాన్ని కదిలించను.

బోయర్ బ్రాన్స్‌డెన్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే పాయింట్లు, కండెన్సర్ రెండూ పోతాయి, టైమింగ్ కదలదు. అది మంచి సరుకే. కానీ పాయింట్లు చెడితే ఫీలర్ గేజి, పోస్టుకార్డు ముక్కతో రోడ్డు పక్కనే బాగవుతాయి. ఈ బండి మీద నాకున్న మక్కువలో సగం అందుకే, కాబట్టి ఇప్పటికి పాయింట్లే.

వచ్చే వారం డిస్ట్రిబ్యూటర్ ఆటోనగర్‌లో లేత్ మీదికి వెళ్తుంది. గన్‌మెటల్ బుష్, షాఫ్టుకు 0.02 నుంచి 0.03 సందుతో రీమర్ వేయించాలి. బుష్ వేసేముందు షాఫ్టును మైక్రోమీటరుతో మూడు చోట్ల కొలవాలి, అది కోలగా అరిగి ఉంటే కొత్త బుష్ వేసినా లాభం లేదు. ఇంకొకటి, కండెన్సర్‌ను పాయింట్ల డబ్బా వేడిలోంచి బయటికి తేవడం. ట్యాంకు కింద కాయిల్ పక్కన కొలిస్తే 48 డిగ్రీలే. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 0.22 మైక్రో ఫారడ్, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్ అక్కడ కాయిల్ బోల్టుకే ఎర్త్ ఇచ్చి ఒకసారి పెట్టాను. 140 కిలోమీటర్లకు బుల్లెట్ వణుకుడికి దాని కాలు టాంకా దగ్గర పుటుక్కున తెగింది. ఈసారి కాళ్లకు మెత్తటి మల్టీస్ట్రాండ్ తీగ టాంకా వేసి, మొత్తాన్ని చిన్న అల్యూమినియం గొట్టంలో అరల్డైట్‌తో నింపి, ఒక రోజు ఆరనిచ్చి, ఇసుక మూకుడులో 60 డిగ్రీల దగ్గర మెగ్గర్ పెట్టాకే బండికి ఎక్కిస్తాను.