హవల్దారు తాతగారి చిత్రిక: పతకాల పెట్టె పని, ఏడో వారం

దొరికింది! మొదటి వారం నుంచీ చెక్క మీద అలలు వేస్తున్న చిత్రిక (చెక్కని నున్నగా తీసే తోపడ) ఇవాళ అద్దంలా నున్నగా తీసింది. కారణం మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉన్న ఒక శుభలేఖ ముక్క. మొదటి వారం శుభ్రం చేస్తూ దాన్ని మురికి అనుకుని తీసేశాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. తాతగారు 1967లో మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజినీరు దళంలో, వడ్రంగిగా చేరారు. 1780లో పుట్టిన ఆ దళం కేంద్రం మన బెంగళూరులో హలసూరు చెరువు పక్కనే ఉంది. 1982లో హవల్దారుగా పింఛనుతో బయటికొచ్చి మర్ఫీ టౌన్‌లోనే బల్ల వేసుకుని, చేతులు వణికేదాకా వడ్రంగం చేశారు. ఆయన నాలుగు పతకాలకీ గాజు తలుపున్న గోడ పెట్టె చేస్తున్నాం. పొడవు 420, ఎత్తు 300, లోతు 55 మి.మీ. చెక్క ఆయన పనిబల్ల పైపలక, పాత టేకు. పెట్టుకున్న నియమం ఒక్కటే: పైకి కనిపించే ప్రతి ముఖాన్నీ ఆయన చిత్రికతోనే నున్నగా చేయాలి, ఉప్పు కాగితం ముట్టకూడదు.

మూల కోతలు నాలుగూ కుదిరాయి. వెనక పలక గాడి కూడా అయిపోయింది.

ఇక జబ్బు సంగతి. చిత్రిక పొడవు 14 అంగుళాలు, పూర్తిగా చెక్కది, బ్లేడు 2 అంగుళాల వెడల్పు, పడక (బ్లేడు ఆనే ఏటవాలు చోటు) కోణం 45 డిగ్రీలు. మొదటి వారం తుడిచి, నూనె పెట్టి, బ్లేడు నూరి బిగిస్తే చెక్క మీద అడ్డంగా గీతలు పడ్డాయి. పక్కనుంచి టార్చి వేసి లెక్కపెడితే 80 మి.మీ.లో 22 గీతలు, అంటే 3.6 మి.మీ.కి ఒకటి. చేతికి తగిలేది కాదు కానీ పాలిష్ పడ్డాక దూరం నుంచే కనిపిస్తుంది. తోసేటప్పుడు గుర్‌మని చప్పుడు, పొట్టు కూడా ఒక తీగలా రాకుండా ముక్కలు ముక్కలుగా రాలడం.

మొదటి అనుమానం పదును. కార్బొరండం యూనివర్సల్ రెండు వైపుల రాయి మీద నూరి, తోలు పట్టీ మీద 30 సార్లు లాగాం. పదును వచ్చింది, ముంజేతి వెంట్రుకలు తెగుతున్నాయి. అలలు మాత్రం అలాగే ఉన్నాయి. రాయి గురించి ఒక మాట: ధరకి ఇంతకన్నా మంచిది దొరకదు, కాకపోతే కొత్త రాయిని ముందు చదును చేసుకోవాలి.

రెండో అనుమానం బ్లేడు మీద ఉండే పై రేకు. దాని అంచు బ్లేడు కొస నుంచి 1.2 మి.మీ. వెనక ఉంది. 0.4కి తెచ్చాం. ఎదురు నార (నార తోపుకి ఎదురు తిరిగే చోటు) దగ్గర చెక్క లేవడం తగ్గింది, గుర్‌మనడం తగ్గలేదు. 0.2కి తెస్తే పొట్టు చిత్రిక నోట్లో, అంటే అడుగున బ్లేడు బయటికొచ్చే సందులో, ఇరుక్కుని ఆగిపోయింది. మళ్లీ 0.4కే వచ్చాం.

మూడోది బ్లేడుని పట్టి ఉంచే బిగింపు చెక్క. దాని రెండు కాళ్లూ సమంగా ఆనడం లేదేమోనని సుద్ద రాసి చూశాం. ఎడమ కాలు కొంచెం వదులు. ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే సరిపోయింది, కానీ అలలు పోలేదు. అందరూ ఇక్కడ చేసే తప్పు ఇంకా గట్టిగా కొట్టి బిగించడం. అలా కొడితే చిత్రిక చెంపలు (పక్క గోడలు) పగులుతాయి. పాత చెక్క చిత్రికలు ఎక్కువగా చచ్చేది అలాగే.

నాలుగోది అడుగు. ఉక్కు స్కేలు కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూస్తే నోటి ముందు 0.05 మి.మీ. పల్లం. అది అలలు వేసేంత లోపం కాదు. ఐదో అనుమానంగా చెక్కని తప్పుపట్టి పనస ముక్క మీద తోశాం. అవే అలలు.

ఇవాళ పొద్దున బ్లేడు వెనక వైపు దీపం మసి పట్టించి, పడకలో పెట్టి మెల్లగా బిగించి తీశాం. పడక మీద మసి పైన 30 మి.మీ. మేర మాత్రమే అంటింది. నోటి దగ్గర, అంటే బ్లేడు అన్నిటికన్నా గట్టిగా ఆనాల్సిన చోట, మచ్చ కూడా లేదు. 0.30 గేజ్ రేకు సందులోంచి 25 మి.మీ. లోపలికి వెళ్లిపోయింది. కింద ఆధారం లేని బ్లేడు కొస చెక్క తగలగానే వెనక్కి వంగుతుంది, వదలగానే ముందుకొస్తుంది. ఆ ఊగుడే చెక్క మీద అలలవుతోంది.

అప్పుడు మొదటి వారం ఫొటోలు చూస్తే, బ్లేడు తీసిన ఫొటోలో పడక అడుగున పసుపు రంగు పట్టీ కనిపించింది. అదృష్టం బాగుండి పనిముట్ల పెట్టెలో దొరికిన దుమ్మూ మేకులూ అన్నీ ఒక డబ్బాలో ఉంచాం. పట్టీ అందులో ఉంది. 48 మి.మీ. పొడవు, 18 వెడల్పు, వెర్నియర్‌తో 0.34 మందం. శుభలేఖ అట్ట. ఒక మూల పసుపు అంటి ఉంది, నడుమ "ముహూర్త" వరకు అచ్చు కనిపిస్తుంది, మిగతాది కోతలో పోయింది. రెండు కొసలూ ఉలితో ఏటవాలుగా పల్చన చేసి ఉన్నాయి, నోటి వైపు మొన బయటికి రాకుండా, పొట్టు తగలకుండా. బీరువాలో చేతికందిన అట్ట పెట్టిన పని కాదది.

పట్టీ దాని చోట పెట్టి బిగించగానే చప్పుడు పోయింది. పొట్టు 50 మి.మీ. వెడల్పున, ఒకే తీగగా, 0.06 మందంతో వచ్చింది. నోరు 2.2 నుంచి 1.7కి తగ్గింది. 45 డిగ్రీల పడక మీద 0.34 అట్ట వేస్తే అడుగు దగ్గర దాదాపు అర మిల్లీమీటరు ముందుకు జరుగుతుంది కాబట్టి లెక్క సరిపోయింది. పడక పల్లమైందని చూసి మనలో చాలామంది ఉలి పెట్టి పైభాగాన్ని చెక్కేస్తాం. అలా చేస్తే నోరు పెద్దదవుతుంది, ఎదురు నారలో చిత్రిక పనికిరాకుండా పోతుంది. అట్ట వేస్తే పల్లమూ పూడుతుంది, నోరూ బిగుస్తుంది, పైగా ఎప్పుడైనా తీసేయొచ్చు. తాతగారి పని ఏది చూసినా ఇదే వరస. ఆయన బాగుచేసిన బడి బెంచీలకి మేకు కొట్టలేదు, ఇత్తడి మర బిగించారు, మర తలల మీది గాడులన్నీ నార వెంట తిప్పి ఆపారు. తర్వాత విప్పేవాడికి కష్టం ఉండకూడదని.

అసలు పట్టీని రోజూ వాడటం న్యాయం కాదు. 0.30 ఇత్తడి రేకు వేసి చూశాం, జారుతోంది, నాలుగు తోపులకి బ్లేడు పక్కకి పోయింది. అట్ట రెండు ముఖాలకీ కొంచెం అణిగి అంటుకుంటుంది, ఇత్తడికి ఆ గుణం లేదు. చివరికి మరో పెళ్లి కార్డు కోసి అదే కొలతకి చేశాం. అసలుది పతకాలతోపాటు పెట్టెలోకి వెళ్తుంది. అచ్చు అట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి పారదర్శక పాలిస్టర్ కవర్లో విడిగా ఉంచాలి.

పతకాల వరస తేల్చేశాం: పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ల సేవా పతకం. మొదటిది 1971 యుద్ధంలో పశ్చిమ రంగంలో పనిచేసినవాళ్లకి ఇచ్చింది. బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య ట్యాంకులకి దారి తీసింది సాపర్లే. ఈ పతకాలకి బ్రాసో (లోహాలకి మెరుగు పెట్టే పాలిష్) పెట్టమని ముగ్గురు చెప్పారు, దయచేసి ఎవరూ పెట్టకండి. గుండ్రటి పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు ఉంటాయి. మెరుగు పెట్టిన ప్రతిసారీ ఆ అక్షరాలు కొంచెం అరుగుతాయి. మెత్తటి నూలు గుడ్డ చాలు. రిబ్బన్లు 32 మి.మీ. వెడల్పు, ఉతకలేదు, ఉతికితే రంగు దిగుతుంది.

లోపల చెక్క మీద అల్యూమినియం టేపు, దాని మీద గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలు గుడ్డ. ఉన్ని ఫెల్ట్ వద్దు, అందులో గంధకం ఉంటుంది, లోహం నల్లబడుతుంది. మూలలకి ఫెవికాల్ ఎస్‌హెచ్ వాడాం. పట్టు విషయంలో దానికి తిరుగులేదు కానీ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అది పోయేదాకా పతకాలు లోపల పెట్టకూడదు. తలుపు తీసి మూడు వారాలు ఉంచుతున్నాం. వానాకాలం కాబట్టి నాలుగు పట్టినా తొందరపడం. తలుపుకి అక్రిలిక్ కాదు, 3 మి.మీ. గాజు. అక్రిలిక్ తుడిచిన కొద్దీ దుమ్ము లాగుతుంది.

పెట్టె ఆరేలోపు ఇంకో పని మొదలుపెట్టాలి. ప్రతి మే నెలలో తాతగారు కూలి తీసుకోకుండా బాగుచేసిన సర్కారు బడి బెంచీలు. పోయిన వారం ఒకటి తిరగేస్తే కూర్చునే పలక అడుగున పెన్సిలుతో తెలుగులో రాసి ఉంది: "14, కుడి కాలు, మే 1996". పక్కనే మళ్లీ ఆయన చేతిరాతే: "14, అదే కాలు, మే 2003". అలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నిటినీ ఫొటో తీయాలి. పెన్సిలు గీతలు ఏటవాలు వెలుగులోనే తేలతాయి కాబట్టి పక్కనుంచి ఒకే ఎల్ఈడీ దీపం, స్టాండు మీద కెమెరా, పక్కన స్కేలు. పలకని తడిగుడ్డతో తుడవద్దని బడి ఆయాకి ముందే చెప్పాం. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఒకటో నంబరు బెంచీ నుంచి మొదలు.