బర్తిమయి కేక దగ్గర ఆగి చదవండి

కతోలిక ఆరాధనా సంవత్సరంలోని సామాన్యకాలం (పెద్ద పండుగ కాలాలు పోగా మిగిలే కాలం) 8వ వారం గురువారం దివ్యపూజలో చదివే సువార్త మార్కు 10:46-52. ఏడే వచనాలు. గబగబా చదివితే నిమిషంలో అయిపోతాయి. వాటితోనే ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే, రోజూ వచ్చే సువార్తను ఎలా చదవాలో దానంతట అదే అలవడుతుంది.

శిలువ గుర్తు వేసుకుని, పవిత్రాత్మ సాయం ఒక్క మాటలో అడిగి మొదలుపెట్టండి. ఆ రోజు పఠనాన్ని ఫోనులో చూసుకునేవారు వచనాల అంకెలు కాగితం మీద రాసుకుని, ఫోను పక్క గదిలో పెట్టి, పవిత్ర గ్రంథమే తెరవండి. 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో ఇలా ప్రార్థనగా గ్రంథం చదవడాన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పారు: పఠనం, ధ్యానం, ప్రార్థన, దైవసన్నిధిలో నిలిచిపోవడం. ముద్ద నోట్లో పెట్టుకోవడం చదవడమైతే, నమలడం ధ్యానం, రుచి తీయడం ప్రార్థన, చివరి మెట్టు ఆ తీపే అన్నారు. మనలో చాలామందిమి నమలకుండానే మింగేస్తున్నాం.

మొదటిసారి పైకి వినపడేలా, కథ కోసం చదవండి. రెండోసారి ఇంకా నెమ్మదిగా, మనసు ఎక్కడ తగులుకుంటుందో చూస్తూ చదవండి. ఒక మాట దొరికిందా, అక్కడే ఆగిపోండి. మిగతా వచనాలు పూర్తి చేయాలన్న తొందర వద్దు.

బర్తిమయి దారి పక్కన కూర్చుని అడుక్కుంటున్న గుడ్డివాడు. "దావీదు కుమారా, నన్ను కరుణించు" అని కేక పెడితే చాలామంది గద్దించారు. అతడు ఇంకా గట్టిగా అరిచాడు. పూజ మొదట్లో మనం వేడుకునే "కీరియే ఎలేయిసోన్" (ప్రభువా, కరుణించు) లోని రెండో మాట, గ్రీకు సువార్తలో అతని నోట ఉన్న మాట ఒకే క్రియ. ఇది తెలిశాక ఆదివారం ఆ వేడుకోలును పెదవులతో అనేసి ఊరుకోవడం కష్టం.

ప్రభువు పిలవగానే అతడు పైవస్త్రం పారేసి లేచాడు. బిచ్చగాడికి రాత్రి చలిలో కప్పుకోవడానికి ఉండేది అదే. చూపు ఇంకా రాలేదు, పారేస్తే మళ్లీ వెతుక్కోలేడు. ధ్యానానికి ఈ ఒక్క వచనమే చాలు: నేను వదలకుండా పట్టుకుని కూర్చున్నది ఏమిటి?

"నీకు నేనేమి చేయాలి?" అని ప్రభువు అడిగారు. కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి, వేలు పడిన వచనాన్ని తనకొచ్చిన వాగ్దానంగా తీసుకునేవారికి ఇది ఏది కోరినా ఇస్తానన్న మాటలా కనిపిస్తుంది. ఆ పద్ధతిలో వచ్చే నష్టం ఇదే, ముందు వెనకలు పోతాయి. ముందురోజు బుధవారం సువార్త 10:32-45. అందులో యాకోబు, యోహానులను కూడా ప్రభువు ఇదే ప్రశ్న అడిగారు. వాళ్లు కుడి ఎడమ ఆసనాలు కోరారు. గుడ్డివాడు చూపు కోరాడు. అందుకే నిన్నటి పఠనం మీద ఓసారి కన్నేసి ఇవాళ్టిది మొదలుపెట్టడం మంచిది.

ఇక ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నట్టు విని జవాబు చెప్పండి. పవిత్ర గ్రంథ పఠనానికి ప్రార్థన తోడుగా ఉండాలని 1965లో రెండవ వాటికన్ మహాసభ గుర్తుచేసింది. చాలామందికి దారి తప్పేది ఇక్కడే. వచనం దొరకగానే అది కొడుక్కో, ఆడపడుచుకో బాగా సరిపోతుందనిపిస్తుంది, ప్రార్థన కాస్తా ప్రసంగం అయిపోతుంది. అలా అనిపిస్తే "నన్ను కరుణించు" అన్నదానిలోని "నన్ను" దగ్గరికి తిరిగి రండి. వ్యాఖ్యానాలు మంచివే, కానీ ఈ మెట్టు దాటాకే తెరవండి. ముందే తెరిస్తే మీ జవాబు ఇంకొకరు రాసిపెట్టినట్టవుతుంది.

చివరి మూడు నాలుగు నిమిషాలు మాటలు మానేసి ఊరికే ఉండండి. నిద్ర వస్తే నిలబడండి. ఏమీ అనిపించని రోజులు వస్తాయి, ఆ రోజు కూడా సమయం తగ్గించవద్దు. దొరికిన మాటను పగలంతా వెంట ఉంచుకుని, రాత్రి జపమాల పట్టుకునే ముందు ఒకసారి తలుచుకోండి.

ఒక సంగతి. మర్నాడు శుక్రవారం సువార్త 11:11 నుంచి మొదలవుతుంది. మధ్యలోని పది వచనాలు మీరే చదువుకోండి. దారి పక్కనుంచి లేచిన బర్తిమయి ప్రభువు వెంట నడిచింది ఆ యెరూషలేము దారిలోనే. అక్కడ ఇంకా ఎంతోమంది తమ పైవస్త్రాలు తీసి ఆయన దారిలో పరిచారు.