కొండదారి టైమ్‌లాప్స్: లెన్స్ మీద తేమతో కుస్తీ

మళ్లీ అదే జరిగింది. లోయలోంచి పొగమంచు లేచి ఊరి పైకప్పులను ఒక్కొక్కటిగా మింగుతుంది చూడండి, ఈ ట్రిప్పంతా నేను చీకటితో లేస్తున్నది దాని కోసమే. సరిగ్గా అది మొదలయ్యే వేళకు లెన్స్ మసకబారిపోయింది. టైమ్‌లాప్స్ అంటే విడివిడిగా తీసిన ఫొటోలను కలిపి వేగంగా నడిపే వీడియో. ఆరు సెకన్లకొక ఫొటో, అంటే ఫ్రేము, మూడు గంటలు, 1800 ఫ్రేములు, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 72 సెకన్ల క్లిప్పు, ఇదీ ప్లాను. 520వ ఫ్రేము దాకా శిఖరం అంచు కోసినట్టు స్పష్టంగా ఉంది. 560 దగ్గర వీధి దీపాల చుట్టూ వలయాలు మొదలయ్యాయి. 640కల్లా అంతా తెలుపే. "పొగమంచేగా, బాగానే వచ్చిందిగా" అంటారు మావారు. కాదు. పొగమంచు కదులుతుంది, ఇది కదలదు.

పగటి షాట్ల గురించి చెప్పడానికేం లేదు. పండుటాకుల చెట్ల మధ్య నుంచి డాష్‌బోర్డు మీద గోప్రోతో తీసింది మొదటిసారికే కుదిరింది, లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే విండ్‌షీల్డ్ మీది ప్రతిబింబాలు పోయాయి. సూర్యాస్తమయం నుంచి చీకటి దాకా ఎక్స్‌పోజర్ మార్పులు ఎల్ఆర్‌టైమ్‌లాప్స్ అనే సాఫ్ట్‌వేర్ చక్కగా సర్దేసింది. ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌కి మాత్రం డబ్బు పెట్టి తీరాలి.

ఇక తేమ సంగతి. మా ప్రయాణం నింపాదిగా సాగుతోంది. మలుపుల్లో చిన్నదానికి కడుపులో తిప్పుతుంది, అత్తయ్యకు ఎక్కువసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, అందుకని రోజుకు 120 కిలోమీటర్లు దాటం, ప్రతి ఊళ్లో రెండు రాత్రులు ఆగుతాం. నా పనికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. మొదటి తెల్లవారుజామున ఏది చెడిందో చూసి, రెండోరోజు అదే చోట ఒక్క అంశం మార్చి చూడొచ్చు.

వేడి గదిలోంచి చలిలోకి తేవడం వల్లే తేమ పడుతోందని మొదట అనుమానించాను. లెక్క ప్రకారం అది తిరగబడాలి. వెచ్చటి గాజు మీద తేమ పట్టదు, చల్లటి గాజును వెచ్చటి గదిలోకి తెస్తే పడుతుంది. నిర్ధారించుకుందామని మర్నాడు కెమెరాను గంట ముందే బయట పెట్టి ఉంచాను. తేమ ముందురోజులా 52 నిమిషాలకు (520వ ఫ్రేము) కాదు, పది నిమిషాలకే వచ్చింది! అంటే గది వేడి మనకు మేలే చేస్తోంది, ఆ వేడి ఆరిపోయేసరికి యాభై నిమిషాలు పడుతోంది, అంతే.

సరే, కొలతలు. గాలి 6.8 డిగ్రీలు, తేమ 86 శాతం, డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగా పట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 4.6కి వస్తుంది. గాలి ఇంకా రెండు డిగ్రీలు పైనే ఉంది కదా, గాజు ఎందుకు తడుస్తోంది? ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ను గాజు విషయంలో నేను నమ్మను, ఆకాశం ప్రతిబింబం కూడా అందులో కలుస్తుంది. మల్టీమీటర్‌తో వచ్చిన, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగను లెన్స్ ముందు అంచుకు టేపుతో అంటించాను. 3.7 చూపించింది. గాలి కంటే మూడు డిగ్రీలు కింద! నా తేమ మీటరు మూడు శాతం అటూఇటూ తప్పినా డ్యూ పాయింట్ మారేది అర డిగ్రీయే, కాబట్టి ఇది మీటరు తప్పు కాదు.

మబ్బు లేని రాత్రి ఆకాశం వైపు తిరిగి ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పైకి వెదజల్లేసుకుని, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. 1814లోనే విలియం ఛార్లెస్ వెల్స్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు. పైన ఏదైనా కప్పు ఉంటే ఈ చల్లబాటు తగ్గుతుంది. కిందటి ఊళ్లో చూరు కింద తీసిన క్లిప్పు పొడిగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. అక్కడ అంచు గాలి కంటే 0.6 డిగ్రీలే కింద ఉంది. కాకపోతే చూరు ఫ్రేములో పడింది.

అందుకని ఈసారి గొడుగు. లైట్ స్టాండుకు అత్తయ్య నల్ల గొడుగు కట్టి కెమెరా మీద పట్టాను. అంచు 5.6 దగ్గర నిలిచింది, తేమ లేదు! కానీ గాలి వీచినప్పుడల్లా గొడుగు కమ్మీ నా 16 ఎంఎం వైడ్ లెన్స్ ఫ్రేములోకి తొంగి చూసింది. లెన్స్ హుడ్ ఇచ్చేది ఇరవై నిమిషాల గడువు మాత్రమే. యాంటీఫాగ్ స్ప్రే వద్దు, దీపాల చుట్టూ చారలు వస్తాయి. సిలికా జెల్ సంచిలో ఉంటే పనికొస్తుంది, ఆరుబయట దండగ. చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు రబ్బరు బ్యాండుతో కడితే పనిచేశాయి గానీ, ఒకటి జారి ఫోకస్ రింగును తిప్పేసింది.

చివరికి లెన్స్ చుట్టూ చుట్టే యూఎస్‌బీ హీటర్ పట్టీ. పూర్తి మీద 5 వాట్లు లాగుతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్-అవర్లు, మార్పిడి నష్టం పోగా 30 అనుకున్నా ఆరు గంటలు రావాలి. వచ్చింది పదిహేను నిమిషాలు! బ్యాంకు మీద మాత్రం నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. యూఎస్‌బీ మీటరు పెట్టి కూర్చుని చూశాను. పట్టీలో థర్మోస్టాట్ ఉంది, వేడి అందగానే కరెంటు ఆపేస్తుంది. అర నిమిషం లోడు లేకపోయేసరికి పవర్ బ్యాంకు ఇక పని అయిపోయిందనుకుని నిద్రపోతుంది. పట్టీ మళ్లీ అడిగినా లేవదు.

రెండో పోర్టుకు చిన్నది రాత్రి చదువుకునే బొమ్మల దీపం తగిలించాను. 150 మిల్లీ ఆంపియర్లు ఆగకుండా లాగుతుంది కాబట్టి బ్యాంకు మేలుకునే ఉంటుంది. వెలుగు ఫ్రేములో పడకుండా దీపాన్ని చిన్నదాని సాక్సులోనే దూర్చి ముడేశాను. ఆ తెల్లవారుజామున మూడు గంటలూ పట్టీ ఆగలేదు, గాజు మీద చుక్క తేమ లేదు.

క్లిప్పు మాత్రం ఇంకా నాకు నచ్చలేదు. దూరపు గుట్ట అంచు సన్నగా వణుకుతోంది. లెన్స్ ముందు అంచు 14 డిగ్రీలకు పోయింది, దాని ముందు లేచే వేడిగాలే కారణమని నా అనుమానం. మనకు కావలసింది డ్యూ పాయింట్ కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ, అంతే. ఈ పట్టీకి మూడు మెట్లే ఉన్నాయి, అన్నిటికంటే తక్కువ మెట్టు కూడా నా చిన్న లెన్స్‌కు ఎక్కువే. టెలిస్కోపుల వాళ్లు వాడే డిమ్మర్ కంట్రోలర్ ఒకటి వెతకాలి. ఈలోగా పట్టీని గాజుకు దూరంగా, లెన్స్ మధ్యకు జరిపి, మీద ఫోమ్ చుట్టి చూస్తాను. ఫోకస్ రింగుకు మాత్రం ముందే టేపు వేయాలి.

రేపటి ఊరు గుట్ట నడినెత్తిన ఉంది. చల్లగాలి రాత్రంతా జారి లోయలో పేరుకుంటుంది కాబట్టి పైన తేమ తక్కువుండొచ్చు, పొగమంచు కాళ్ల కింద పరుచుకుంటుంది. అక్కడ కెమెరాను కూడా అదే పవర్ బ్యాంకు మీద నడపాలని ఉంది. నా సోనీ బాడీ యూఎస్‌బీ-సీ నుంచి నేరుగా నడుస్తుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య అది ఎంత లాగుతుందో మీటరుతో చూడాలి, బ్యాంకును మేల్కొలిపి ఉంచడానికి అది చాలితే దీపం అక్కర్లేదు. చాలకపోతే దారిలో ఇంకో దీపం కొనాలి, చిన్నది తనది ఇవ్వనంటోంది.