భోగి ఎవరు, భోగం ఎవరు

పెళ్ళి కబుర్లలోనూ, జాతరల వార్తలలోనూ "అంగరంగ వైభవంగా" అన్న మాట తరచుగా వింటూ ఉంటాము గానీ, అందులోని అంగమేమిటో, రంగమేమిటో ఆగి ఆలోచించము. పాత దేవాలయ శాసనాలలో ఫలానా స్వామివారి "అంగరంగభోగాలకు" భూమి దానం చేసినట్లు కనబడుతుంది. విగ్రహానికి జరిపే అభిషేకం, గంధం, పూలు, నైవేద్యం అంగభోగం. రంగమండపంలో స్వామి ఎదుట జరిగే ఆటపాటలు రంగభోగం. భద్రాచలంలో ఈనాటికీ రాముడికి ఉదయం బాలభోగం, మధ్యాహ్నం రాజభోగం జరుగుతాయి. దేవుడి విషయంలో భోగమంటే సేవ. అయితే గుళ్ళలోనూ రాజసభలలోనూ ఆడి పాడిన స్త్రీల కులానికి ఇదే మాట పేరుగా స్థిరపడింది, ఆ పేరు చివరికి తిట్టుగా మారింది.

మా ఊళ్ళో ఒక వీధిని పెద్దవాళ్ళు "ఆ వీధి" అనేవారు తప్ప పేరు చెప్పేవారు కారు. ఎనిమిదేళ్ళ వయసులో, పండగ పూట విస్తరి నిండుగా వడ్డించిన మా నాయనమ్మతో "ఇవాళ మనది భోగమే నాయనమ్మా" అన్నాను. కథల పుస్తకంలో చదివిన "రాజభోగం" నా మనసులో ఉంది. ఆవిడ వడ్డిస్తున్న చెయ్యి ఆపి, ఆ మాట మళ్ళీ నోట రానివ్వవద్దని గట్టిగా కోప్పడింది. ముందురోజే మేము భోగిమంట వేసుకున్నాము. భోగి పండగైనప్పుడు భోగం బూతెలా అయిందన్న సందేహం నాకు అప్పుడు పుట్టిందే.

పెద్దయ్యాక నాకు అర్థమైనదేమిటంటే, భోగాన్ని అనుభవించినవాడు భోగి, రసికుడు, విలాసపురుషుడు. ఆ మాటలన్నిటిలోనూ ఎంతో కొంత మెప్పు ఉంది. ఆ భోగం ఎవరి వల్ల, ఎవరి శరీరం మీదుగా జరిగిందో ఆ స్త్రీకి మాత్రం భోగమే పేరయింది, ఆ పేరులోని నింద అంతా ఆమెదే అయింది. విలాసానికి ఈ గతి పట్టలేదు. పాత ఉత్తరాల మీద చిరునామాను సైతం విలాసమనే రాసేవారు. ఉర్దూ నుంచి వచ్చిన జల్సా, షోకు కూడా తేలికగానే బతికిపోయాయి. ఉర్దూలో జల్సా అంటే సభ, షౌక్ అంటే అభిలాష. తెలుగులో ఒకటి సరదా కాలక్షేపమూ, ఒకటి అలంకారమూ అయ్యాయి. వాటి గురించి నాకు పేచీ లేదు.

పతనమన్న నింద ఎటు పోతుందో తెలియడానికి ముద్దుపళని కథ ఒక్కటి చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ఆమె "రాధికా సాంత్వనము" రాసింది. కందుకూరి వీరేశలింగం గారు ఆ కావ్యంలోని శృంగారాన్ని నిందిస్తూ, ఆమె వేశ్య అన్న సంగతిని కూడా ఆ నిందలో కలిపారు. ఆయన విధవా వివాహాలకూ స్త్రీవిద్యకూ చేసిన సేవను గౌరవిస్తూనే, ఈ ఒక్క చోట ఆయన త్రాసు సమంగా లేదని నేను అనుకుంటాను. 1910లో ప్రసిద్ధ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని తిరిగి అచ్చు వేయించి, సిగ్గు అనేది ఆడవారికే గాని మగవారికి ఉండనక్కరలేదా అన్న అర్థంలో సూటిగా ప్రశ్నించింది. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో గాని ఆ నిషేధం తొలగలేదు. మగకవులు రాసిన శృంగార ప్రబంధాలను పండితులు మెచ్చుకుంటూ చదివిన భాషలోనే ఇదంతా జరిగింది.

వ్యసనం అన్న మాటను చూసినా నాకు ఇదే తీరు కనబడుతుంది. సప్తవ్యసనాలలో స్త్రీలోలత్వం, జూదం, తాగుడు, వేట నాలుగే. మిగిలిన మూడూ పరుషంగా మాట్లాడడం, కఠినంగా దండించడం, ధనాన్ని పాడుచేయడం. కౌటిల్యుడు మొదటి నాలుగూ కామం వల్ల పుట్టేవనీ, ఈ మూడూ కోపం వల్ల పుట్టేవనీ విభజించాడు. ఇవి రాజుల కోసం, అంటే చేతిలో అధికారమున్న వారి కోసం చెప్పిన హెచ్చరికలు. ఈనాడు వ్యసనపరుడంటే తాగుబోతో, పేకాటరాయుడో మనకు తోస్తాడు గానీ, కింది ఉద్యోగిని నలుగురిలో నోటికొచ్చినట్లు తిట్టే అధికారిని ఎవరూ వ్యసనపరుడు అనరు. "నోరు కటువు గానీ మనసు వెన్న" అని సర్దిచెబుతాము. బలవంతుల తప్పులు జాబితాలోంచి జారిపోయాయి, కూలి డబ్బుతో కల్లు తాగేవాడి తప్పు మాత్రం మిగిలింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి ఉంది. అదుపు లేక తిరిగేవాణ్ణి అచ్చోసిన ఆంబోతు అంటాము. చనిపోయినవారి పేరనో దేవుడి పేరనో కోడెకు ముద్ర వేసి వదిలేవారు. అది ఎవరి చేలో పడి మేసినా కొట్టేవారు కారు. దేవుడికి విడిచిన ఎద్దు బసవన్న. ఆ బసవ శబ్దం నుంచే బసివి వచ్చింది. రాయలసీమలో దేవుడి పేర విడిచిన పేద ఆడపిల్లను బసివి అన్నారు, తెలంగాణలో జోగిని అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. ఎద్దు ఎవరి పొలంలోనైనా మేయవచ్చు. ఈ పిల్ల విషయంలో ఆమే పొలమయింది. దేవదాసీలుగా విడవడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లోనూ, ఆంధ్రప్రదేశ్ 1988లోనూ చట్టాలు చేశాయి. రెండో చట్టం బసివి, జోగిని పేర్లను కూడా ప్రస్తావించింది. అయినా ఆ పేర్లు తిట్లుగా నాలుకల మీద ఉన్నాయి. ఆంబోతు అనిపించుకున్న మగవాడు నవ్వి ఊరుకోగలడు. బసివి అనిపించుకున్న ఆడది నవ్వలేదు.

తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు అని సామెత ఉండనే ఉంది. ఒకే తిరుగుడు ఒకరికి సంపాదన, ఒకరికి పతనం.

మా నాయనమ్మ వాడే మాటలలో "అనుభవించు" ఒకటి. పొలం కాగితాలలో అనుభవదారు అంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో ఆ మనిషి. పాపం పండి కష్టపడే మనిషిని గురించి కూడా అనుభవిస్తున్నాడనే అంటాము. మా పక్కింటాయన నాలుగెకరాలూ పేకాటలోనూ తాగుడులోనూ పోగొట్టి కాలం చేసినప్పుడు, అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు "ఏమైనా మహరాజులా అనుభవించి పోయాడు" అన్నారు. ఆ సాయంత్రం నాయనమ్మ ఆయన భార్యకు అన్నం పట్టుకెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "ఇంకెన్నాళ్ళు అనుభవించాలో ఆ పిచ్చితల్లి" అంది.