అమరిల్లో నుంచి ఫ్రిస్కో దాకా, ఎర్ర జీటీవోలో

అమరిల్లో అనే ఊళ్లో ఒక పాత పాంటియాక్ జీటీవో కారు చూసి కొనుక్కుందామని, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో బయల్దేరేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. మా బావమరిది తన కారు తీశాడు. వచ్చేటప్పుడు అదే కారు నా వెనకాల రావాలి, అదీ ప్లాన్. "బావా, అంత దూరం పోయి నచ్చకపోతే ఖాళీగా వెనక్కి రాగలరా?" అని అడిగాడు. రాగలనన్నాను. అప్పటికి రెండుసార్లు అలాగే వచ్చాను మరి.

రెండేళ్లుగా 1967 పాంటియాక్ జీటీవో కోసం వెతుకుతున్నాను. డబ్బు జమయ్యాక కూడా ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే నేను చూసినవాటిలో కొన్ని అసలు జీటీవోలే కావు. అదే పాంటియాక్ వాళ్ల మామూలు లెమాన్స్ కారుకి హుడ్ (బానెట్) మార్చి, జీటీవో అక్షరాలు అతికించి అమ్మేస్తారు. 1964లో ఈ కారు పుట్టుకే అలాంటిది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్ బృందం ఆ నియమాన్ని తప్పించుకోవడానికి 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌ని కొత్త కారుగా కాకుండా, లెమాన్స్‌కి అదనపు ఆప్షన్‌గా పెట్టింది. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. అమెరికన్ మజిల్ కార్ల (మధ్యరకం కారులో పెద్ద ఇంజన్ పెట్టినవి) పందెం మొదలైంది దానితోనే అని చాలామంది అంటారు, నేనూ అంటాను. 1966 నుంచి జీటీవో విడి మోడల్ అయింది కాబట్టి ఫ్యాక్టరీలో కారుకి వేసిన నంబరే (నంబర్ ప్లేటు కాదు) నిజం చెబుతుంది. 2 అంటే పాంటియాక్, 42 అంటే జీటీవో, 17 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, 7 అంటే 1967.

అమరిల్లో ఊళ్లో ఈ కారు అమ్ముతున్న పెద్దాయన నేను అడక్కముందే ఆ నంబరు ఫోటో పంపారు. 242177తో మొదలైంది. నేను వెంటనే, పాత పాంటియాక్‌ల రికార్డులు ఇచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డు కాపీ తెప్పించుకున్నాను. 400 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, ర్యాలీ గేజులు (డ్యాష్‌బోర్డులో అదనపు మీటర్లు). రంగు మాత్రం లిండెన్ గ్రీన్ అని ఉంది. ఫోటోలో కారేమో ఎర్రగా ఉంది.

287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటాక తెల్లారింది. చిల్డ్రెస్ తర్వాత రోడ్డుకి రెండువైపులా పత్తి చేలు. అక్టోబర్ కదా, కాయలు పగిలి తెల్లగా ఉన్నాయి. గుంటూరు వాళ్లం ఇద్దరం కాసేపు మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం. ఇంత దూరం వచ్చింది కూడా ఈ పొడి నేల కోసమే. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కార్ల అడుగుభాగాన్ని తినేస్తుంది. టెక్సస్ ఉత్తర కొసన ఉన్న ఈ పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో ఆ బాధ తక్కువ.

పదింటికి పెద్దాయన ఇంటికి చేరాం. పైన పెయింట్ చూసి మురిసిపోకూడదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. ముందు పాత దుప్పటి పరుచుకుని కారు కిందికి దూరాను. ఫ్రేమ్ గట్టిగా ఉంది. ట్రంక్‌లో మ్యాట్ ఎత్తి చూశాను, వెనక అద్దం కింద మూలలు వేలితో నొక్కి చూశాను. వెనక చక్రాల పక్కన రేకు మీద, గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టుకుంటూ పోయాను. ఎడమవైపు అరచేతి వెడల్పున అది అంటలేదు, అంటే అక్కడ రేకు పైన పుట్టీ ఉంది. ఆయన దాచలేదు. "2004లో గేటుకి నేనే గుద్దాను" అని బిల్లు తీసి చూపించారు. 1983లో తను కొనేటప్పటికే కారు ఎర్రగా ఉందట. డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూస్తే పాత ఆకుపచ్చ ఇంకా అక్కడే ఉంది. రంగు మారితే విలువ తగ్గుతుంది, నిజమే. నాకు మాత్రం ఆ పచ్చ కనబడగానే ధైర్యం వచ్చింది, కాగితం చెప్పింది కారు ఒప్పుకుంది కదా.

మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే కోరాను. పాత బండిని చల్లగా ఉండగా వినాలి. ఈ మాట నాన్నది. ఆయన విజయవాడ ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటింది, ఫోన్ ఎత్తారు. స్పీకర్ ఆన్ చేసి ఇంజన్ దగ్గర పెట్టాను. స్టార్ట్ కాగానే ఎడమవైపు నుంచి టిక్, టిక్, టిక్. నాకు టెన్షన్ పట్టుకుంది.

"ఆపకు, అలాగే నడవనీ" అన్నారు నాన్న. ఏడెనిమిది నిమిషాలు ముగ్గురం మాట్లాడకుండా నిలబడ్డాం. ఆ చప్పుడు నెమ్మదిగా తగ్గి, పూర్తిగా పోయింది.

"వేడెక్కాక పోయిందా? అయితే పొగ బయటికి పోయే మానిఫోల్డ్ దగ్గర గ్యాస్ లీకవుతోందిరా. ఇంజన్ లోపల రాడ్ కొడితే వేడెక్కేకొద్దీ పెరుగుతుంది గానీ తగ్గదు. ఇప్పుడు రేస్ చెయ్యి." చేశాను. "బాగుంది. తీసుకో."

నేను తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి మార్చి చెబితే పెద్దాయన తల ఊపి, "నాకూ మానిఫోల్డ్ మీదే అనుమానం" అన్నారు. 45 వేల డాలర్లు అడిగారు, 42 వేల 500కి కుదిరింది. బ్యాంకు చెక్కు ఇచ్చాను, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ఆయన సంతకం పెట్టారు. తర్వాత ఒక కాఫీ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో స్పేర్ పాయింట్లు, కండెన్సర్, ఒక బెల్టు. ఈ ఇంజన్‌లో స్పార్క్ ఆ పాయింట్ల మీదే ఆధారపడుతుంది. వాటిని ఎలా మార్చాలో నాతోనే ఒకసారి చేయించారు. "స్పీడోమీటర్ కాదు, ఆయిల్ ప్రెషర్ చూస్తూ నడుపు" అన్నారు.

ఊరికి పడమరగా క్యాడిలాక్ రాంచ్‌కి వెళ్లి, 1974లో ముక్కులు భూమిలోకి దించి పాతిన ఆ పది కార్ల పక్కన ఒక ఫోటో తీసుకున్నాం. ఎక్కువసేపు ఉండలేదు, నా మనసంతా డ్రైవింగ్ మీదే ఉంది.

నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఇప్పటి కార్ల అలవాటుతో తొక్కితే ఆగదు, ముందే ఊహించుకుని తొక్కాలి. స్టీరింగ్ కొంచెం తిప్పినా ఏమీ జరగదు, ఆ తర్వాతే ముందుభాగం కదులుతుంది. కానీ పెడల్ పూర్తిగా నొక్కి, ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే నాలుగు బారెళ్ల కార్బురేటర్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు వచ్చే ఆ లోతైన ఊపిరి చప్పుడు వింటే! సీటు వీపుని నెడుతుంది. 6.6 లీటర్ల ఇంజన్, 335 హార్స్‌పవర్, 1967లో ఒక కుర్రాడు షోరూంకి వెళ్లి కొనుక్కోగలిగాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చిల్డ్రెస్‌లో పెట్రోల్ పోయించాక మళ్లీ స్టార్ట్ కాలేదు. స్టార్టర్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. బావమరిది ముఖం వాడిపోయింది. నాకు మాత్రం పెద్దాయన చెప్పింది గుర్తుంది, వేడి మీద ఆపితే ఇలా మొరాయిస్తుంది, హుడ్ తెరిచి ఇరవై నిమిషాలు వదిలెయ్, పెడల్ ఊరికే కొట్టకు అని. వదిలేశాం. ఈలోగా పికప్ ట్రక్కు దిగి ఒక రైతు వచ్చాడు. తన అన్నకి ఇలాంటిదే ఉండేదని, సైన్యానికి పోతూ అమ్మేశాడని చెప్పాడు. ఇంజన్ వైపు చూస్తూ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు కాగానే పెడల్ కొంచెం నొక్కి పట్టి తాళం తిప్పాను, లేచింది. ఆ రైతు చప్పట్లు కొట్టాడు.

ఫ్రిస్కో చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. చొక్కాకి పెట్రోల్ వాసన. మా ఆవిడ నాలుగు నిమ్మకాయలు సిద్ధం చేసి ఉంచింది, వాటిని తొక్కించి గరాజ్‌లోకి ఎక్కించాను. ఫోటో తీసి పెద్దాయనకి పంపితే క్షణంలో జవాబు వచ్చింది.

"దారిలో ప్రెషర్ ఎంత చూపించింది?"

హైవే మీద 45 అని రాశాను.