పాల బిల్లు రెండుసార్లు పడకుండా

చిత్తూరు పల్లెల్లో పాల బిల్లు కోసం ఎదురుచూసే ఇళ్లెన్నో. ఆ చెల్లింపుల ఫైలును పెన్‌డ్రైవ్‌లో మోసే పని లేకుండా డెయిరీ సర్వర్‌ను బ్యాంకు ఖాతాలన్నీ నడిపే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థకు నేరుగా కలపాలంటే, రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే ఏపీఐ రాయడం సులువే. చిక్కంతా టైమ్‌అవుట్‌తోనే, అంటే గడువులోగా జవాబు రాకపోవడంతోనే.

ఒక రైతు చెల్లింపు పంపాం, 30 సెకన్లు ఆగినా జవాబు లేదు. డబ్బు పడిందా? తెలియదు. దాన్ని ‘ఫెయిల్’ అని రాసుకుని మళ్లీ పంపితే, మొదటిది లోపల ఆలస్యంగా పూర్తయినప్పుడు రెండుసార్లు పడుతుంది. ఆ సొమ్ము రైతు గడ్డికో దాణాకో ఖర్చుపెట్టేశాక వెనక్కి అడగడం ఎవరికీ ఇష్టముండదు. అందుకే పూర్తయింది, తిరస్కరించారు, తెలియదు అని మూడు స్థితులు ఉంచాలి. తెలియనిదాని స్థితి అడగాలే తప్ప కొత్త చెల్లింపుగా పంపకూడదు.

ఫైలులోని ప్రతి వరుసకూ, అంటే ప్రతి చెల్లింపుకూ, పాల కేంద్రం కోడ్, రైతు కోడ్, బిల్లు కాలం కలిపి ఒకే రిఫరెన్స్ నంబర్ ఇవ్వాలి. బ్యాంకు వైపు ఆ నంబర్ రెండోసారి ఎక్కకుండా డేటాబేస్‌లోనే యూనిక్ నిబంధన పెట్టి, డెబిట్‌నూ దాన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (పడితే రెండూ పడాలి, లేదంటే రెండూ పడకూడదు) రాయాలి. చాలామంది ఆ నంబర్‌లో గంటా నిమిషమూ కలిపేస్తారు. అప్పుడు పంపిన ప్రతిసారీ కొత్త నంబరే! తాళం వేసి చెవి తలుపుకే వదిలేసినట్టు.

ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఖాతా నంబర్ ముందున్న సున్నాలు పోతాయి, 15వ అంకె తర్వాతి అంకెలు సున్నాలవుతాయి. రూపాయల మొత్తం సరిచూసినా ఇది దొరకదు. ఖాతా నంబర్లను కూడా కూడి సరిచూడాలి, సున్నాలు పోతే కూడిక మారదు కనుక ఒక్కో నంబర్‌లో అంకెలెన్నో కూడా చూడాలి.

వేరే బ్యాంకు ఖాతాలకు సొమ్ము పంపే నెఫ్ట్ అరగంటకో బ్యాచ్‌గా వెళ్తుంది, 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ. ఖాతా మూతపడి ఉంటే సొమ్ము తర్వాత విడిగా తిరిగొస్తుంది. దాన్ని యూటీఆర్‌తో (ఆ బదిలీకి ఇచ్చిన నంబర్‌తో) పాత వరుసకు జతచేయకపోతే, ఎవరిదో తేలని సొమ్ము ఉంచే సస్పెన్స్ ఖాతాలో పడి ఉంటుంది, డెయిరీ లెక్కల్లో మాత్రం ‘చెల్లించాం’.

చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఒకే బ్యాంకైంది. విలీనాలప్పుడు ఐఎఫ్‌ఎస్‌సీలు (బ్రాంచి కోడ్‌లు) మారవచ్చు కనుక వాటిని ప్రోగ్రాంలో రాయకుండా, అమలు తేదీతో పట్టికలో ఉంచాలి.

మొదలుపెట్టే ముందు టెస్ట్ సర్వర్‌లో 200 వరుసల ఫైలు పంపి, మధ్యలో కేబుల్ పీకేయండి. తర్వాత అదే ఫైలు, అవే రిఫరెన్స్ నంబర్లతో, మొదటినుంచీ పంపండి. ఖాతాల్లో 200 జమలే కనబడాలి.