ఒడ్డున కూర్చుని విన్న పడవ పందెం

సముద్రంలో జరిగే పవర్‌బోట్ (ఇంజను పడవల) పందేలను ఒడ్డు నుంచి చూస్తానని చెప్పినప్పుడల్లా, అంత దూరాన ఏం కనిపిస్తుందని అడగనివారు లేరు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నీటి అంచున నిలబడిన మనిషి కంటికి దిగంతం 5 కిలోమీటర్ల లోపే ముగిసిపోతుంది. అదే 10 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే చూపు దాదాపు 11 కిలోమీటర్లు సాగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు తడి ఇసుకలో అందరికంటే ముందు చోటు దొరికిందని సంబరపడి, సగం పందేన్ని అలల చాటున పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి వెనక ఉన్న దిబ్బ మీదికే చేరుతున్నాను.

ఒకప్పుడైతే దిబ్బ ఎక్కినా లాభం ఉండేది కాదు. 1956లో మొదలైన, అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నాసౌకు సాగే పందెం, 1961లో ఇంగ్లండులో మొదలైన కౌస్–టోర్కీ పందెం ఒక రేవులో బయలుదేరి మరో రేవుకు చేరేవి కనుక, ఒడ్డున ఉన్నవారికి ఆరంభమో ముగింపో ఏదో ఒకటే దక్కేది. 1960లో రే హంట్ రూపొందించిన, లోతైన వి ఆకారపు అడుగు గల ‘మోపీ’ అనే పడవ నాసౌ పందెంలో ఉద్ధృతమైన అలలను చీల్చుకుంటూ పోయిన తీరు ఒడ్డున ఉన్న ఎవరి కంటా పడి ఉండదు. ఇప్పుడు చాలా పందేలు తీరానికి దగ్గరగా, నీటిపై తేలే గుర్తులైన బోయాల చుట్టూ ల్యాప్‌లుగా జరుగుతున్నాయి. ఇదేం సముద్రపు పందెమని పాత అభిమానులు సణుగుతారు. ఆ మార్పు వల్ల లాభపడినవాణ్ని కనుక నేను నోరు మెదపను.

దూరాన ముందుగా కనిపించేది పడవ కాదు, అందరికంటే ముందున్న పడవను వెంబడించే హెలికాప్టర్. తరువాత, సగం నీటిలోనూ సగం గాలిలోనూ తిరిగే ప్రొపెల్లర్లు వెనక్కి చిమ్మే తెల్లని ధార కనిపిస్తుంది. ఈ క్రీడలో దానికి కోడిపుంజు తోక అని పేరు. పడవ కిలోమీటరు దూరంలో ఉంటే దాని మోత మనల్ని చేరడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోయే పడవ ఆ లోపల 160 మీటర్లు దాటిపోతుంది కనుక, చెవి చెప్పే చోట కంటికి నురుగు తప్ప మరేమీ కనబడదు.

అయినా ఒడ్డున ఉన్నవారికి అసలు కథ చెప్పేది ఆ మోతే. పడవలో ఇద్దరుంటారు: ఒకరు చుక్కాని తిప్పుతారు, మరొకరు ఇంజను వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ పట్టుకుంటారు. అల మీద నుంచి పడవ గాలిలోకి ఎగిరినప్పుడు ప్రొపెల్లర్లకు నీరు అందక, భారం తప్పిన ఇంజను ఒక్కసారిగా వెర్రివేగం అందుకుంటుంది. అందుకే థ్రాటిల్ మనిషి పడవ ఎగిరే క్షణంలో తగ్గించి, నీటిని తాకే క్షణానికి మళ్లీ ఇవ్వాలి. చెయ్యి కుదిరినప్పుడు మోత చిన్నగా తెగి, తెగినచోటే అతుక్కుంటుంది. కుదరనప్పుడు కీచుమని పైకి లేస్తుంది. ఫొటోలు తీసేవారికి ఎగిరే పడవలు ముద్దు; నాకు మాత్రం నీటిని వదలని పడవే గొప్పగా తోస్తుంది.

ఎగరడంలో ప్రమాదం ఇంజనుకు మాత్రమే కాదు. పక్కపక్కన రెండు పొట్టలు ఉండే కాటమరాన్ పడవలో, వాటి నడుమ చొచ్చుకుపోయే గాలి పడవను పైకి లేపి వేగమిస్తుంది. ముక్కు కొంచెం ఎక్కువ లేచిందా, అదే గాలి పడవను వెల్లకిలా తిప్పేస్తుంది. 1990 అక్టోబరు 3న మొనాకో తీరాన పడవ తిరగబడి పందెగాడు స్టెఫానో కాసిరాగి మరణించిన తరువాత, భద్రతా నియమాలు కఠినమయ్యాయి. ఇప్పటి వేగవంతమైన పడవల్లో మనుషులు బెల్టులు బిగించుకుని మూసిన కాక్‌పిట్‌లో కూర్చుంటారు. అందువల్ల వారి ముఖాలు ఒడ్డుకు కనిపించవు, వారి చేతి నేర్పు మాత్రం వినిపిస్తుంది.

కిందటిసారి నీలం పడవ ఒకటి మొదటి ల్యాప్ నుంచే ముందుంది. చుట్టూ జనం కేరింతలు కొడుతున్నారు కానీ, మా ఎదుటికి వచ్చిన ప్రతిసారీ దాని మోత మూడు నాలుగు చోట్ల కీచుమంటోంది. దాని వెనక వస్తున్న తెల్లపడవ మాత్రం ఒకే శ్రుతిలో సాగుతోంది. ఆరో ల్యాప్‌లో హెలికాప్టర్ తెల్లపడవ మీదుగా వచ్చింది. పందెం ముగిసి, దిబ్బ మీద జనం పలచబడ్డాక, చిన్న పడవ ఒకటి నీలం పడవను తాడు కట్టి మెల్లగా లాక్కొచ్చింది. కాక్‌పిట్ మూత తెరిచి ఉంది. లోపలి ఇద్దరూ హెల్మెట్లు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.